ఛాతీ సర్జరీ తర్వాత డ్యూటీకి తొందర వద్దు!

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవిస్తున్నవారిని ట్రాన్స్ పురుషులు అంటాం. వీరిలో కొందరు రొమ్ములు తీయించుకుని, ఛాతీని చదును చేయించుకుంటారు. దీన్నే టాప్ సర్జరీ అంటారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఆ తర్వాత ఉండే బెంగ ఒకటే: డ్యూటీకి ఎప్పుడు వెళ్లాలి? జీతం కోత పడుతుందని, రూమ్‌లో తోటివారికి తెలిసిపోతుందని తొందరపడతారు. కానీ పైన కుట్లు మానినంత మాత్రాన లోపల మానినట్టు కాదు.

ఆపరేషన్‌కు ముందు

ఛాతీ కనబడకుండా బిగుతైన బైండర్ వేసుకునేవారు 8 గంటలకు మించి ఉంచుకోవద్దు. 12 గంటల షిఫ్టులో, బాయిలర్ వేడిలో ఊపిరాడకపోవడం, పక్కటెముకల నొప్పి, చెమటకు చర్మం ఒరుసుకుపోవడం మామూలే. క్రేప్ బ్యాండేజీ చుట్టడం ఇంకా ప్రమాదం. సిగరెట్, గుట్కా కనీసం 4 వారాల ముందే మానాలి. నికోటిన్ వల్ల రక్తనాళాలు కుంచించుకుపోయి గాయం త్వరగా మానదు.

శరీరంలో వచ్చే మార్పులు

రొమ్ములు పెద్దవైతే ఛాతీ కింద రెండు వైపులా కోత పెట్టి, చనుమొనలను చిన్నవి చేసి తిరిగి అతికిస్తారు. అక్కడ స్పర్శ చాలావరకు పోతుంది. చుట్టూ ఉండే తిమ్మిరి నెలల తరబడి ఉండొచ్చు. మచ్చ పలచబడటానికి ఏడాదికి పైగా పడుతుంది. కొందరిలో అది ఉబ్బి కీలాయిడ్‌గా మారుతుంది.

డ్యూటీకి ఎప్పుడు?

కూర్చుని చేసే పనికి సుమారు 2 వారాలు ఆగాలి. బరువులు ఎత్తే పనికి కనీసం 6 వారాలు. అదీ సర్జన్ సరేనన్నాకే. ఈఎస్ఐ ఉన్నవారు సిక్ సర్టిఫికెట్ గురించి డిస్పెన్సరీ డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. అర్హులైనవారికి అనారోగ్య సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం అందుతుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఛాతీ ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోతే లోపల రక్తం చేరినట్టే అనుకోవాలి. జ్వరం, చీము, పిక్క వాపు, ఆయాసం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం ఎక్కువైతే 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. ఆపరేషన్ తర్వాతా కొద్దిగా రొమ్ము కణజాలం మిగులుతుంది. క్యాన్సర్ ముప్పు బాగా తగ్గినా, పూర్తిగా పోదు. గడ్డ తగిలితే చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉంటే సర్జరీకి ముందే చెప్పాలి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ఈ వైద్యాన్ని ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. కాబట్టి ఓపీ చీటీలో ఏ పేరున్నా, డాక్టరు దగ్గర మాత్రం ఆపరేషన్ సంగతి దాచకండి.