కాలువగట్టు మీద మా సైకిళ్ళు

కోనసీమ అనగానే మీకేం గుర్తొస్తుంది? కొబ్బరిచెట్లూ, సినిమాల్లో పడవలూ, పెళ్ళివారి మర్యాదలూ... అంతే కదూ! మనలో చాలామంది కోనసీమను చూసింది బస్సు కిటికీలోంచే. అదీ ఒళ్ళో పిల్లాణ్ణీ, కాళ్ళ దగ్గర క్యారియర్‌నీ పెట్టుకుని. పెళ్ళయ్యాక నేను అంతర్వేదికి ఆరుసార్లు వెళ్ళాను. దారి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి ఏడోసారి వెళ్ళాను. సైకిల్ మీద!

నవ్వకండి. నాకు నలభై ఆరేళ్ళు. నాతో వచ్చిన మా వదినకు యాభై రెండు. నాది మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో బడిలో ఇచ్చిన సైకిలు. అది హైదరాబాదు వెళ్ళిపోయాక వరండాలో బూజుపట్టి ఉంది. వదినది వాళ్ళబ్బాయి కొనిచ్చిన కొత్త లేడీస్ సైకిలు. గేర్లూ గట్రా ఏమీ లేవు. అవసరం కూడా లేదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య గోదావరి ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల కదా, చదునుగా ఉంటుంది. వంతెనలు తప్పితే ఎత్తనేదే లేదు. అందుకే కొత్తగా సైకిలెక్కే ఆడవాళ్ళకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

అసలు ఈ ఆలోచన వదినదే. ఆవిడ పుట్టిల్లు అంబాజీపేట దగ్గర ఒక ఊరు. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి పెద్ద సైకిల్ని, కడ్డీ లోపలినుంచి కాలు పెట్టి, కాలువగట్టు మీద తొక్కేదిట. పెద్దమనిషయ్యాక మాన్పించారు. అంతలోనే సైకిలు దొంగలు పట్టుకుపోయారు. ఇన్నాళ్ళకి షుగరొచ్చి, డాక్టరు రోజూ వ్యాయామం చెయ్యమంటే, "నడక నా వల్ల కాదు గానీ, సైకిలైతే తొక్కుతాను" అంది. రెండు నెలలు మా వీధిలో తెల్లవారుజామున, పాలవాడు తప్ప ఎవరూ చూడకుండా ప్రాక్టీసు చేశాం. ఒకరోజు, "అమ్మాయ్, ఒక్కసారి మా రేవు దాకా తొక్కుకుంటూ వెళ్ళొద్దామా?" అంది. ఎలాగూ వెళ్తున్నాం కదా, సముద్రం దాకా పోదామన్నాన్నేను.

ఇంట్లో ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. మావారు మాత్రం ఏమీ అనకుండా రెండు సైకిళ్ళనీ షాపుకి తీసుకెళ్ళి బ్రేకు రబ్బర్లు మార్పించి, చైనుకి నూనె వేయించి తెచ్చారు.

రాజమండ్రిలో తెల్లవారగానే బయల్దేరి ధవళేశ్వరం చేరాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట ఇక్కడిదే. దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ మీద ఇప్పుడు రోడ్డుంది. కింద గోదావరి, ఎదురుగా పొగమంచు. అవతలి ఒడ్డు బొబ్బర్లంక. అక్కణ్ణించి రావులపాలెం దాకా దారంతా కాలువ పక్కనే. కోనసీమ పొలాలకి నీళ్ళు మోసుకెళ్ళే కాలువ అది. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క అరటితోటలు. సైకిలు మీద వెళ్తుంటే ఏ ఇంట్లో పోపు వేస్తున్నారో, ఏ ఇంట్లో చేపలు వేయిస్తున్నారో కూడా తెలిసిపోతుంది! లొల్ల లాకుల దగ్గర దిగి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

ఆత్రేయపురం వెళ్ళకుండా ఎలా వస్తాం? 2023లో ఇక్కడి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పెట్టెలో కొనుక్కోవడం వేరు, రేకు తీస్తుంటే చూడడం వేరు. ఒక ఇంటి వసారాలో కూర్చోబెట్టి చూపించారు. కుండ బోర్లించి, దానికింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చగా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకుని కుండమీద ఒక్కసారి లాగుతారు. కన్నుమూసి తెరిచేలోగా రేకు లేస్తుంది! మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. చేత్తో రేకు తీస్తూనే కాలితో ఆకులు పొయ్యిలోకి తోస్తోందావిడ. రేకులకి తడిగుడ్డ అద్ది మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెడతారు. పొద్దుటినుంచీ మంటముందు కూర్చునే ఆవిడ, మా సైకిళ్ళు చూసి, "అమ్మో, ఎండలో ఎంత కష్టమండీ మీకు!" అంది. ఏం జవాబు చెప్పమంటారు?

ఆ రాత్రి రావులపాలెంలో మా పిన్నిగారింట్లో పడుకున్నాం. తుంటి నొప్పి గురించి వివరంగా రాయను గానీ, సీటు మీద వేసుకోవడానికి ఒక మెత్తటి దిండు గలీబు తీసుకెళ్ళండి.

రెండోరోజు కొత్తపేట మీదుగా అంబాజీపేట వైపు. ఇది కొబ్బరి రాజ్యం. ఎటుచూసినా కాయల రాశులు, పీచు గుట్టలు. ఆ పీచు గుట్టలే మా వదినని కాపాడాయి. వెనకనుంచి బస్సు హారన్ కొట్టేసరికి బెదిరిపోయి, హ్యాండిలు తిప్పేసి, వెళ్ళి గుట్టలో పడింది. మోచెయ్యి కాస్త గీరుకుంది. అదే రెండోవైపు పడి ఉంటే కాలువ! గట్లకి చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. కనుక కాలువకి రెండోవైపే తొక్కండి. పెద్ద బండి వస్తుంటే దిగి నిలబడండి, సిగ్గేం లేదు. చీకటి పడ్డాక మాత్రం అసలు వద్దు.

మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కనుమనాడు ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభల్ని భుజాలమీద మోసుకొస్తారు. మేం వెళ్ళేసరికి తీర్థం అయిపోయి, రంగుకాగితాల ముక్కలు మాత్రం గడ్డిలో మిగిలాయి.

వదిన వాళ్ళ ఊరొచ్చింది. ఇల్లు లేదు. అమ్మేసి చాలా కాలమైంది, అక్కడ రెండంతస్తుల మేడ లేచింది. రేవు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. వదిన కింది మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టింది. ఎదురింటి అరుగుమీద నుంచి ఒక ముసలావిడ తేరిపార చూసి, "నువ్వు కరణంగారి రెండోపిల్లవి కాదూ? సైకిలెక్కి బోర్లాపడి పన్ను విరగ్గొట్టుకున్నావు?" అంది. ఔనన్నాం. "మర్నాడే మీ నాన్న ఆ సైకిలు మా ఆయనకి అమ్మేశాడే తల్లీ. ఇరవయ్యేళ్ళు తొక్కాడు దాన్ని."

దొంగలు పట్టుకుపోయారనే నలభయ్యేళ్ళుగా వదిన అనుకుంటోంది.

ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి బయల్దేరాం. అమలాపురం లాడ్జి చేరేదాకా వదిన ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. గదిలోకి వెళ్ళాక, "అమ్మక్కూడా తెలుసన్నమాట" అంది, అంతే.

మూడోరోజు కాస్త ఎక్కువ దూరం, దాదాపు 50 కిలోమీటర్లు. పొద్దున్న ఆరింటికే ఎక్కాలి. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎదురుకొడుతుంది, ఎంత తొక్కినా బండి కదలదు. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద వంతెన ఎక్కడానికి ఇద్దరం దిగి నెట్టుకుంటూ వెళ్ళాం. ఇక్కడ హైవే లారీలతో భయం. దాన్ని వదిలి అప్పనపల్లి వైపు తిరిగితే మళ్ళీ చెట్లనీడ. అటు పక్కనే పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడ గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు పుట్టింటికొచ్చిన వదిన, రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేదని చెప్పింది. ఆ రోజు నోరు విప్పడం అదే మొదలు. అప్పనపల్లి బాలబాలాజీని దర్శించుకుని రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది చేరేసరికి సాయంత్రమైంది. 2020లో కాలిపోయిన స్వామి రథానికి బదులు మరుసటేడు చేయించిన కొత్త రథాన్ని చూశాం. వసిష్ఠ సముద్రంలో కలిసేచోట ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. కారులో వచ్చిన ఆరుసార్లూ ఇక్కడ, 'టైమైంది, పదండి' అనేవాళ్ళు.

అడగడానికి మొహమాటపడే విషయమొకటి చెప్తాను. బాత్‌రూము! పెద్ద గుళ్ళ దగ్గరా, పెట్రోలు బంకుల్లోనూ ఉంటాయి, శుభ్రం మాత్రం అదృష్టాన్ని బట్టి. మేం చాలాసార్లు ఇళ్ళవాళ్ళనే అడిగాం. "ఆయ్, రండమ్మా, దానికేముందండీ" అన్నవాళ్ళే గానీ కాదన్నవాళ్ళు లేరు. ఆ భయంతో నీళ్ళు తాగడం మానకండి. చీరకంటే పంజాబీ డ్రెస్సు మేలు, చున్నీ చైనులో పడకుండా ముడివేసుకోవాలి. గాలిపంపు, పంక్చరు సామాను, షుగరున్నవాళ్ళకి బెల్లం ముక్క, నాలుగు సున్నుండలు చాలు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. మాఘంలో అంతర్వేది కళ్యాణం రోజులు మాత్రం వదిలెయ్యండి, జనంలో సైకిలు పట్టదు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అందం ఉండదు.

నాలుగోరోజు సఖినేటిపల్లి రేవులో సైకిళ్ళతో సహా పంటు ఎక్కి వసిష్ఠ దాటాం. అవతల నరసాపురం. ఊళ్ళో ఒక సందులో గుమ్మం ముందు కూర్చుని ఒకావిడ లేసు అల్లుతోంది. 2024లో గుర్తింపు పొందిన నరసాపురం లేసు ఇదే. వచ్చినవాళ్ళు లేసు ధర అడుగుతారు గదా, ఆవిడే మమ్మల్ని అడిగింది, ఎక్కణ్ణించి వస్తున్నారని. చెప్పాం. కొంకిసూది బుట్టలో పడేసి లేచొచ్చి, మా అమ్మాయి సైకిలు బెల్లు ఒకసారి మోగించి చూసింది.

"నాకు రాదండి. ఒక్కసారి ఎక్కి చూడనా?"

వదిన తన సైకిలు గోడకి ఆనించి వచ్చి, వెనక సీటు పట్టుకుంది. "ముందుకే చూడు, కిందికి చూడకు" అంటూ ఇద్దరూ ఆ సందు చివరిదాకా వెళ్ళారు.