చేపల తొట్టెలో నీరు ఎంత వేగంగా తిరగాలి?

అమెరికాలోని మన ఇళ్ళలో పిల్లల ముచ్చట తీర్చడానికి చేపల తొట్టె కొనడం పరిపాటి. మొదటి మాసంలోనే చేపలు ఒకటొకటిగా చనిపోవడమూ తరచుగా జరిగేదే. నీరు నిర్మలంగానే కనబడుతుంది. ప్రాణం తీసేది కంటికి కనబడని అమ్మోనియా.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. నదిలో ప్రవాహం దానిని పలుచన చేస్తుంది. తొట్టెలో ఫిల్టరును ఆశ్రయించిన బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగాను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగాను మారుస్తుంది. ఈ రెండవ పని నైట్రోబాక్టర్‌దని చాలకాలం భావించారు. మంచినీటి అక్వేరియంలలో అది నైట్రోస్పైరా వర్గపు బాక్టీరియా పని అని 1998లో టిమొతీ హొవానెక్, ఆయన సహచరులు చూపించారు.

ఇక వేగం మాట. 20 గ్యాలన్ల తొట్టెకు గంటకు 20 గ్యాలన్లు తోడే పంపు చాలుననిపిస్తుంది. కాని శుద్ధమైన నీరు తిరిగి అదే తొట్టెలో కలుస్తుంది గనుక, గంట గడిచినా సుమారు 37 శాతం నీరు ఫిల్టరులోనికి పోనే పోదు. రెండు తొట్టెల నీరు తోడితే అది 14 శాతానికి, నాలుగు తోడితే 2 శాతానికి తగ్గుతుంది. గంటకు నాలుగు నుండి ఆరు రెట్లు అన్న అనుభవజ్ఞుల నియమం ఈ లెక్కకు పొసగుతుంది. అనగా మన తొట్టెకు గంటకు 80 నుండి 120 గ్యాలన్లు.

పెట్టెపై అచ్చువేసిన సంఖ్యను మాత్రం పూర్తిగా నమ్మరాదు. నీటిని ఎత్తవలసిన ఎత్తు, స్పాంజిలో పేరుకున్న మడ్డి వేగాన్ని తగ్గిస్తాయి. గొట్టం ద్వారా నీరు తిరిగివచ్చే ఫిల్టరైతే, ఆ ధారను శుభ్రమైన గ్యాలన్ పాత్రలో పట్టి చూడండి. నిండడానికి 45 సెకండ్లు పడితే వేగం గంటకు 80 గ్యాలన్లు.

వేగం పెంచినకొద్దీ మేలు కలుగదు. కొత్త తొట్టెలో బాక్టీరియా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఎంత నీరు తిప్పినా అమ్మోనియా తగ్గదు. చేపను తక్కువగా ఉంచి, మేత మితంగా వేసి, కొంత నీరు మారుస్తూ ఉండాలి.

చేప స్వభావమూ గమనించాలి. 1981లో ఒరెగాన్ విశ్వవిద్యాలయపు జార్జి స్ట్రైసింగర్ పరిశోధనతో శాస్త్రలోకం దృష్టినాకర్షించిన జీబ్రా చేప స్వస్థలం మన భారత ఉపఖండమే. అది ప్రవాహానికి ఉల్లాసంగా ఎదురీదుతుంది. పొడవాటి రెక్కల బెట్టా నిలవనీటి చేప. బలమైన ధారలో అలసిపోతుంది. దానికి నీటిధారను గోడవైపు మళ్ళించడం మంచిది.

చివరగా ఒక హెచ్చరిక. ధార సన్నబడినప్పుడు స్పాంజిని కుళాయి క్రింద కడగకండి. ఆ నీటిలోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టె నుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండితే ధారా నిలుస్తుంది, చేపలూ నిలుస్తాయి.