కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు ఏం మార్చాలి?

కలువాయి: ఎండాకాలం వచ్చిందంటే నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో రాత్రి పదింటికి కూడా మిద్దె వేడి దిగదు. ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. నెల తిరిగాక బిల్లు చూసి మీటరు మీద అనుమానపడతారు. చాలా ఇళ్లలో అసలు కారణం వాడకం పై శ్లాబులోకి వెళ్లడమే.

బిల్లు ఎలా పెరుగుతుంది?

2022 ఆగస్టు నుంచి రాష్ట్రంలో ఇళ్లకు అమల్లోకి వచ్చిన శ్లాబులు ఇవి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఇంధన సర్దుబాటు, ఫిక్స్‌డ్ చార్జీలు వీటికి అదనం.

నెలకు 240 యూనిట్లు కాలే ఇంటికి యూనిట్ల ఖర్చే 1,148 రూపాయలు. ఇందులో చివరి 15 యూనిట్లకే 131 రూపాయలు పోతాయి. మొదటి 30 యూనిట్లకు పడేది 57 రూపాయలే. ఆదా చేసిన ప్రతి యూనిట్ పై నుంచే తగ్గుతుంది కాబట్టి, ఎక్కువ కాల్చే ఇంటికి అదే పొదుపు ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

ఏ ఫ్యాను మార్చాలి?

పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు సరిపోతాయి. రోజుకు 18 గంటలు తిరిగే హాలు ఫ్యానును మారిస్తే నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. 240 యూనిట్ల ఇంట్లో దీని విలువ 187 రూపాయలు, 100 యూనిట్ల ఇంట్లో 109 రూపాయలు. ఫ్యాను ధర 3,000 అనుకుంటే, అదే వాడకం మీద మొదటి ఇంటికి 16 నెలల్లో, రెండో ఇంటికి 27 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుంది.

అందుకే అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చడానికి అప్పు చేయక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగేది ముందు మార్చాలి. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వాడే గదిలో పాత ఫ్యానే ఉన్నా నష్టం లేదు. ఇంకా 60 వాట్ల పాత బల్బు వాడుతుంటే మాత్రం వెంటనే తీసేయాలి. దాని స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ పెడితే, రోజుకు ఆరు గంటల వాడకం మీద నెలకు 9 యూనిట్లు తగ్గుతాయి.

మిద్దె మీద సున్నం

ఫ్యాను గాలిని తిప్పుతుందే గానీ చల్లబరచదు. మిద్దె కాలిపోతుంటే కింద తిరిగేది వేడిగాలే. ఎండలు ముదరకముందే మిద్దెను శుభ్రంగా కడిగి, తెల్ల సున్నం గానీ కూల్ రూఫ్ పెయింటు గానీ రెండు పూతలు వేస్తే ఎండ చాలావరకు తిరిగి పైకి పోతుంది. గదిలో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చు. రేకుల ఇళ్లకు ఇది ఇంకా అవసరం. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ప్రత్యేక విధానమే తెచ్చింది. సున్నం వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే.

ఫ్రిజ్, మోటారు, సెట్‌టాప్ బాక్సు

వేడి సాలన్ గిన్నెను ఆరకముందే ఫ్రిజ్‌లో పెట్టినా, ఇఫ్తార్ వేళ ఐసు కోసం తలుపు మాటిమాటికీ తీసినా కంప్రెసర్ ఆగకుండా పనిచేస్తుంది. తలుపు మధ్య కాగితం పెట్టి మూయాలి. లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు పాడైనట్టే. ఒక హెచ్‌పీ మోటారు గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్ అవుతుంది, ట్యాంకు పొర్లుతుంటే నీళ్లతో పాటు డబ్బూ పోతుంది. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్సు 10 వాట్లు తీసుకుంటూ ఉంటే నెలకు 7 యూనిట్లు. గోడ దగ్గర స్విచ్ ఆపేస్తే చాలు.

ఏసీ కొనే ముందు

ఏసీ సగటున గంటకు ఒక యూనిట్ తీసుకుంటుందనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు. ముందే 240 కాలుతున్న ఇంట్లో ఇవన్నీ పై శ్లాబుల్లో పడి, బిల్లు ఒక్కసారిగా 2,180 రూపాయలు పెరుగుతుంది. ధర చూసే ముందు స్టార్ లేబుల్ చూడాలి. 18 బదులు 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కూడా వేసుకోవాలి. డిగ్రీ పెంచిన కొద్దీ దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది.

సోలార్ ఎవరికి?

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నెలనెలా 225 యూనిట్లు దాటే సొంతింటి వాళ్లకు ఇది ఆలోచించదగ్గదే. 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి తొందర లేదు. ముందు సున్నం, తర్వాత హాలు ఫ్యాను చాలు.

ఏదైనా కొనే ముందు పోయిన మే నెల బిల్లు తీసి, చివరి యూనిట్లు ఏ శ్లాబులో పడ్డాయో చూసుకోవాలి. ఎంత ఖర్చు పెట్టొచ్చో అక్కడే తెలుస్తుంది.