యాప్‌ 96 శాతం అంది.. బియ్యం డబ్బా వేరే చెప్పింది!

జహీరాబాద్‌లో ఉండే మా చిన్నమ్మకు రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌ ఆపరేషన్‌ అయింది. ఆ తర్వాత కీమో, రేడియేషన్‌. ప్రతిసారీ బస్సెక్కి వంద కిలోమీటర్లు హైదరాబాద్‌ పోవడం, రావడం. అన్నీ పూర్తయిన రోజు ఇంట్లో అందరం ‘హమ్మయ్య, అయిపోయింది’ అనుకున్నాం. డాక్టర్‌ మాత్రం చేతిలో చీటీ పెట్టి, రోజుకో లెట్రోజోల్‌ మాత్ర అయిదేళ్లు వేసుకోవాలన్నారు.

అయిదేళ్లంటే 1,800కు పైనే మాత్రలు. నేను బీటెక్‌ చదివినోణ్ని, టెక్‌ బ్లాగ్‌ రాస్తుంటాను. ఇలాంటివి కనబడితే చేతులు ఊరుకోవు. రెండు వారాంతాలు కూర్చుని చిన్న యాప్‌ చేసి ఆమె ఫోన్‌లో వేశా. రాత్రి ఎనిమిదింటికి మోగుతుంది. ‘వేసుకున్నా’ అనే పచ్చ బటన్‌ నొక్కితే నా డ్యాష్‌బోర్డులో టిక్‌ పడుతుంది. ఏడు నెలలకు చూస్తే 96 శాతం! బ్లాగ్‌ పోస్టు కూడా సగం రాసేశా.

దసరాకు ఇంటికెళ్తే బియ్యం డబ్బా వెనకాల కవర్లో మాత్రల స్ట్రిప్పులు దొరికాయి. నాలుగు నెలలవి, చింపనివి. ‘మరి రోజూ నొక్కుతున్నవ్‌ కద చిన్నమ్మా?’ అంటే, ‘నువ్వంత కష్టపడి చేసినవ్‌ బిడ్డా. నొక్కకుంటే నీకు బాధయితదని నొక్కిన’ అంది.

ఆమె మరచిపోయింది ఒక్క రోజు కూడా లేదు. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి తెరవరాదట. జొన్న రొట్టె కొట్టలేకపోతోంది. కొన్ని వారాలు మాత్ర ఆపి చూస్తే హాయిగా అనిపించింది. ‘గడ్డ తీసేసిండ్రు కద, ఇంక ఈ నొప్పులెందుకు?’ అని ఆమె ప్రశ్న. అందులో తప్పేం లేదు. జవాబు మేమెవరం చెప్పలేదంతే.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే రొమ్ము క్యాన్సర్లలో మూడింట రెండొంతులకు పైగా ఈస్ట్రోజెన్‌ హార్మోన్‌ ఆసరాతో పెరిగేవే. రిపోర్టులో ‘ఈఆర్‌ పాజిటివ్‌’ అని ఉంటే అర్థం ఇదే. ఆపరేషన్‌ తర్వాత ఒంట్లో స్కాన్‌కు కూడా దొరకని కణాలు మిగిలితే, వాటికి ఆ ఆసరా అందకుండా చేసేది హార్మోన్‌ థెరపీ. పేరు విని హార్మోన్లు ఎక్కిస్తారేమో అనుకుంటారు, పని దానికి పూర్తిగా రివర్స్‌. టామాక్సిఫెన్‌ మాత్ర కణంలో ఈస్ట్రోజెన్‌ కూర్చునే చోట తాను కూర్చుంటుంది. నెలసరి ఆగిపోయిన వాళ్లలో ఈ హార్మోన్‌ ఎక్కువగా కొవ్వులాంటి చోట్ల తయారవుతుంది కాబట్టి, లెట్రోజోల్‌, అనస్ట్రోజోల్‌ ఆ తయారీనే ఆపేస్తాయి. కీళ్ల నొప్పులు ఈ రెండో రకం మందులతోనే ఎక్కువ.

టామాక్సిఫెన్‌ది తమాషా కథ. 1962లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్‌ అనే కెమిస్ట్‌ దీన్ని తయారుచేసినప్పుడు వాళ్లు వెతుకుతున్నది గర్భనిరోధక మాత్ర కోసం. అందుకు పనికిరాలేదు. అదే మందు ఈఆర్‌ పాజిటివ్‌ వాళ్లు అయిదేళ్లు వాడితే, మొదలుపెట్టినప్పటి నుంచి పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్‌ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని వేలమంది మీద జరిగిన ట్రయల్స్‌ అన్నీ కలిపి చూస్తే తేలింది. మన మెడికల్‌ షాపులో కొద్ది రూపాయలకే దొరికే మాత్ర చేసే పని ఇది!

అయినా మానేస్తారు. మా చిన్నమ్మ ఒక్కతే కాదు. ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది మహిళల రికార్డులు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పూర్తి కాలం సరిగ్గా వాడినవాళ్లు 49 శాతమే. అదీ ఇన్సూరెన్స్‌ ఉన్న చోట.

ఇక నా పరువు తీసిన అధ్యయనం ఇంకోటి. అమెరికాలో ‘స్వాగ్‌ ఎస్‌1105’ అనే ట్రయల్‌లో 700 మందికి పైగా మహిళలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారానికి రెండు ఎస్సెమ్మెస్‌ల చొప్పున మూడేళ్లు పంపారు. మాటలు నమ్మకుండా మూత్ర పరీక్షలో మందు ఆనవాళ్లు వెతికారు. 2020లో ఫలితం వచ్చింది: మెసేజ్‌లు అందుకున్నవాళ్లకూ అందుకోనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను చేసిన యాప్‌ పనిచేయదని నేను చేయకముందే రాసి పెట్టారన్నమాట. చదివి ఉంటే రెండు వారాంతాలు మిగిలేవి.

దీని పక్కన పెట్టి చూడాల్సిన ట్రయల్‌ ఒకటుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్‌ స్లోన్‌ కెటరింగ్‌లో ఈథన్‌ బాష్‌ అనే డాక్టర్‌ బృందం 766 మంది మీద చేసింది. వాళ్లంతా ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవాళ్లు, మా చిన్నమ్మ పరిస్థితి వేరు. వాళ్లలో సగానికి పైగా మందిని నొప్పి, వాంతులు, నీరసం ఎలా ఉన్నాయో కంప్యూటర్లో నింపమన్నారు. ఏదైనా ముదిరితే నర్సుకు అలర్ట్‌ పోతుంది. 2017లో చెప్పిన లెక్క ప్రకారం ఇలా అడిగిన గుంపులో సగటు ఆయుష్షు (మీడియన్‌) 31.2 నెలలు, మామూలు గుంపులో 26. కొత్త మందేమీ లేదు. అడిగారు, విన్నవాళ్లు ఫోన్‌ చేశారు.

క్యాన్సర్‌ చికిత్స దాటినవాళ్ల బతుకు ఎలా నడుస్తోందో చూసే ఈ రంగాన్ని సర్వైవర్‌షిప్‌ రీసెర్చ్‌ అంటారు. డాక్టర్లే చేసే పని అనుకోవద్దు. డేటాబేస్‌ కట్టేవాళ్లు, ఆర్‌ లేదా సాస్‌లో లెక్కలు చేసే బయోస్టాటిస్టీషియన్లు, క్లినికల్‌ డేటా మేనేజర్లు కావాలి. బీటెక్‌ తర్వాత ఇటు రావాలంటే స్టాటిస్టిక్స్‌ గట్టి చేసుకోవాలి, ముఖ్యంగా సర్వైవల్‌ అనాలిసిస్‌. పబ్లిక్‌ హెల్త్‌ వైపు వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ పబ్లిక్‌ హెల్త్‌ ఉంది. ముందు ఒక సాయంత్రం ఐసీఎంఆర్‌ వాళ్ల ట్రయల్స్‌ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐ తెరిచి ‘రొమ్ము క్యాన్సర్‌’ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. ఏళ్ల తరబడి మనుషుల్ని ఫాలో కావడం మన దగ్గర కుదరదంటారా? టాటా మెమోరియల్‌ వాళ్లు ముంబయిలో 1998లో మొదలుపెట్టి లక్షా యాభై వేల మందికి పైగా మహిళలను ఇరవై ఏళ్లు గమనించి, రొమ్ము పరీక్షల మీద 2021లో ఫలితాలు ఇచ్చారు.

భాష వచ్చినవాళ్లకు ఇంకో పెద్ద పనుంది. బాష్‌ పద్ధతి చదివాక ఒక ఇంగ్లిష్‌ ప్రశ్నపత్రాన్ని నేనే తెలుగు చేసి చిన్నమ్మ ముందు పెట్టా. ‘అలసటగా ఉందా?’ అంటే ‘లేదు’ అంది. పక్కనే ఉన్న మా అమ్మ ‘చేతనయితుందా అక్కా?’ అని అడిగింది. ‘యాడ చేతనయితుందే, బిందె ఎత్తుతలేను’ అని పావుగంట చెప్పింది. నా ఫారంలో అప్పటికే సున్నా పడింది. ఇలాంటి సున్నాలు రాకుండా ప్రశ్నల అనువాదాన్ని పేషెంట్ల దగ్గర పరీక్షించడం కూడా ఒక ఉద్యోగమే. దాన్ని లింగ్విస్టిక్‌ వాలిడేషన్‌ అంటారు.

చిన్నమ్మను మళ్లీ డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాం. నాలుగు నెలలు వేసుకోలేదని ఆమెతోనే చెప్పించాం, అదే కష్టమైంది. ఆయన కోప్పడలేదు. అదే పని చేసే వేరే మాత్రకు మార్చారు, ఎముకల బలం పరీక్ష రాశారు, రోజూ నడవమన్నారు. నడకంటే మాటవరసకు చెప్పేదనుకున్నా. వారానికి 150 నిమిషాల వ్యాయామం, రెండు రోజులు బరువులతో కసరత్తు ఏడాది పాటు చేసినవాళ్లలో ఈ మాత్రల వల్ల వచ్చే కీళ్ల నొప్పి దాదాపు 30 శాతం తగ్గిందని అమెరికాలో 121 మందితో చేసిన ‘హోప్‌’ అధ్యయనం చెబుతోంది. ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాత్రలు వాడుతుంటే, సొంతంగా ఆపనివ్వకండి. నొప్పి సంగతి డాక్టర్‌కు చెప్పించండి, మార్చే దారులున్నాయి.

ఇప్పుడామె సాయంత్రం పక్కింటావిడతో పస్తాపూర్‌ రోడ్డు మీద నడుస్తోంది. యాప్‌లో పచ్చ బటన్‌ తీసేశా. ఎనిమిదింటికి మా అమ్మ గొంతుతో ‘వేళ్లెట్లున్నయ్‌ అక్కా?’ అని అడుగుతుంది, ఆమె వాయిస్‌లో చెబుతుంది. మొన్నటిది ఇది: ‘నాలుగు రొట్టెలు కొట్టిన. ఎడమ చెయ్యి జర పట్టేసింది. మాత్ర ఏసుకున్న. నువ్వు సంక్రాంతికి వస్తున్నవా లేదా?’