మీకు తెలుసా? కాలెట్ కొనే ముందు, కొన్న రోజున

కాలెట్‌ను మీరు ఏనాడో చేత్తో పట్టుకున్నారు. మైక్రోటిప్ పెన్సిల్ వెనక నొక్కితే లోపల తెరుచుకుని, వదలగానే లెడ్‌ను చుట్టూ బిగించి పట్టే చీలికల గొట్టం ఉంటుంది చూడండి, అదీ ఒక కాలెట్టే. పేరు ఫ్రెంచి మాట, చిన్న మెడపట్టీ అని అర్థం. లేత్ మీదకు దీన్ని తెచ్చినవాళ్లలో గడియారాల పనివాళ్లు ముందుంటారు. అమెరికాలోని వాల్తామ్‌లో పుట్టిన వెబ్‌స్టర్–విట్‌కోంబ్ లేత్ తరహా 8 మి.మీ. కాలెట్లను వాచీలు బాగుచేసేవాళ్లు ఈ రోజుకీ వాడుతున్నారు.

ఇంట్లో చిన్న లేతో, మిల్లింగ్ మిషనో పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా కొనేది ఈఆర్ రకం. ఆ పేరులో ‘ఈ’ అంతకుముందే ఉన్న ఒక కాలెట్ రకానిది. స్విట్జర్లాండ్ కంపెనీ రెగో-ఫిక్స్ దాన్ని మెరుగుపరచి, తన పేరులోని ‘ఆర్’ చేర్చి 1973లో పేటెంట్ తీసుకుంది. తర్వాత అది డిన్ 6499 అనే ప్రమాణమైంది. కొలతలు అందరికీ తెలిసినవి కాబట్టే ఇవాళ ఎవరైనా చేసి అమ్మగలుగుతున్నారు, చవకగా దొరుకుతున్నాయి.

ఈఆర్32 అంటే 32 మి.మీ. కడ్డీ పడుతుందని అనుకునేవాళ్లున్నారు. కాదు. ఆ అంకె కాలెట్ కూర్చునే టేపర్ మూతి వెడల్పుది. ఈఆర్32 పట్టేది 20 మి.మీ. దాకానే. ఈఆర్16కి 10, ఈఆర్25కి 16 మి.మీ. హద్దులు.

మీరు కొనే సెట్‌లో సగం కాలెట్లు బహుశా పెట్టె దాటి బయటికి రావని తెలుసా? ఈఆర్32 పూర్తి సెట్ అంటే 3 నుంచి 20 మి.మీ. వరకు 18 కాలెట్లు. కానీ మెట్రిక్ ఎండ్‌మిల్లుల కాడలు చాలావరకు 6, 8, 10, 12, 16, 20 మి.మీ.ల్లోనే వస్తాయి. మిల్లింగ్‌కే అయితే అదే డబ్బుతో ఆరు మంచి కాలెట్లు కొనడం మేలని నా గట్టి అభిప్రాయం. లేత్ మీద రకరకాల కడ్డీలు పట్టేవాళ్లకు మాత్రం పూర్తి సెట్ అవసరమే.

కాలెట్ మీద 7–6 అని ఉంటే అది 7 నుంచి 6 మి.మీ. దాకా ముడుచుకుంటుందని అర్థం. అలాగని 6 మి.మీ. కాడను అందులో పెట్టకండి, 6–5 తీసుకోండి. పూర్తి కొలత దగ్గర పట్టినప్పుడే లోపలి గోడ కాడకు నిండా తగులుతుంది. చివరిదాకా ముడిస్తే పట్టూ తగ్గుతుంది, సూటిదనమూ తగ్గుతుంది. పెద్ద కాడను చిన్న కాలెట్‌లో దూర్చడం ఇంకా ప్రమాదం. 10–9లో 10.1 కాడను నెట్టితే ఆ కాలెట్ పనైపోయినట్టే. ఖాళీ కాలెట్‌ను స్పిండిల్‌లో గట్టిగా బిగించినా అదే గతి, స్ప్రింగు గుణం పోతుంది.

పెట్టె మీద ఏఏ, ఏఏఏ అని అచ్చేసిన అక్షరాలకు అన్ని తయారీదార్ల దగ్గరా ఒకే అర్థం లేదు. ఒకరి ఏఏ ఇంకొకరి ఏఏఏ కంటే నయంగా ఉండొచ్చు. కాబట్టి తిరిగేటప్పుడు ఎన్ని మైక్రాన్లు ఊగుతుంది, మూతి నుంచి ఎంత దూరంలో కొలిచారు అని అడగండి. ఆ దూరం లేని అంకెకు విలువ లేదు. 6 నుంచి 10 మి.మీ. కాలెట్లకు 25 మి.మీ. దూరంలో, 10 నుంచి 18 వాటికి 40 మి.మీ. దూరంలో చూడాలన్నది ప్రమాణం. మూతి పక్కనే చూస్తే వంకర కాలెట్ కూడా మంచిదిగానే కనబడుతుంది.

ఇక ఆ ఊపును కొలిచే పరీక్ష సంగతి. దీనికి కావలసినవి ఒక లివర్ డయల్, దాన్ని నిలబెట్టే అయస్కాంతపు స్టాండు, నిజంగా గుండ్రంగా ఉండే ఒక పిన్. ఖరీదైన టెస్ట్ బార్ అక్కర్లేదు. గట్టిపరచి గ్రైండింగ్ చేసిన డోవెల్ పిన్ చాలు. బాలానగర్, ఆటోనగర్ లాంటి చోట్ల బోల్టులు, బేరింగులు అమ్మే దుకాణాల్లో అడగండి. అయితే డోవెల్ పిన్ సాధారణంగా పేరుకన్నా కాస్త లావు. ఎం6 తరగతి 10 మి.మీ. పిన్ 6 నుంచి 15 మైక్రాన్లు ఎక్కువే ఉంటుంది. అది కూడా నచ్చకపోతే మొండిబారిన కార్బైడ్ ఎండ్‌మిల్ కాడ వాడండి. హెచ్6 తరగతి 10 మి.మీ. కాడ 10.000, 9.991 మధ్య ఉంటుంది. మామూలు డ్రిల్ బిట్ కాడ మాత్రం పనికిరాదు.

కాలెట్ కంటే ముందు స్పిండిల్‌ను చూడాలి. దాని లోపలి టేపర్‌కు డయల్ ఆనించి చేత్తో మెల్లగా తిప్పండి. అక్కడే ముల్లు 15 మైక్రాన్లు ఊగితే ఎంత ఖరీదైన కాలెట్ పెట్టినా ఫలితాన్ని నమ్మలేం. తర్వాత, కాలెట్‌ను స్పిండిల్‌కు పట్టించే కాలెట్ చక్ వాడితే, దాని టేపర్. ఆ తర్వాతే కాలెట్, పిన్. మూతి దగ్గర ఒకసారి, పైన చెప్పిన దూరంలో ఒకసారి చూడండి. రెండు చోట్లా ఒకే ఊపు అంటే పిన్ పక్కకు జరిగింది. దూరం వెళ్లేకొద్దీ పెరిగితే పిన్ వాలింది. డయల్ మీద కనిపించే మొత్తం ఊపు అసలు జరుగుడుకు రెట్టింపని కూడా గుర్తుంచుకోండి. ముల్లు 20 మైక్రాన్లు తిరిగితే మధ్యరేఖ తప్పింది 10 మైక్రాన్లే.

తప్పు ఎవరిదో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ముల్లు ఎత్తుగా వచ్చిన వైపు స్పిండిల్ మీద, కాలెట్ మీద, పిన్ మీద మార్కర్‌తో ఒక్కో గుర్తు పెట్టండి. నట్టు వదులు చేసి కాలెట్‌ను మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. ఎత్తు కాలెట్ గుర్తుతో పాటు జరిగితే తప్పు కాలెట్‌ది. స్పిండిల్ గుర్తు దగ్గరే నిలిచిపోతే తప్పు స్పిండిల్‌ది, లేదా చక్‌ది. పిన్‌ను కూడా అలాగే తిప్పి చూడండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పొద్దు. ఒక్కో కాలెట్‌ను మూడు నాలుగుసార్లు విప్పి బిగించండి. ప్రతిసారీ 12 చూపించే కాలెట్‌ను నేను ఉంచుకుంటాను, ఒకసారి 4, ఇంకోసారి 25 చూపించేదాన్ని పక్కన పెడతాను.

అలా అంకెలు మారుతుంటే చాలాసార్లు కారణం మురికి. టేపర్ మీద ఇరుక్కున్న ఒక్క లోహపు రజను అంత తేడా తెస్తుంది. చవక కాలెట్ల చీలికల్లో తయారీనాటి బర్ర్, గ్రైండింగ్ పొడి మిగిలిపోయి వస్తుంటాయి. కిరోసిన్‌లో కడిగి, చీలికల్లో బ్రష్ పెట్టి, ఆరాక పల్చగా నూనె రాసి అప్పుడు పరీక్షించండి. నేను ఒకసారి కడగకుండానే కొలిచి మంచి కాలెట్‌ను తిప్పి పంపేయబోయాను. కడిగాక అది పెట్టెలోకెల్లా మంచిదని తేలింది.

రెండో కారణం నట్టు. కాలెట్‌కు పెట్టిన డబ్బు నట్టుకు పెట్టరు. నట్టు ముఖం నేరుగా లేకపోతే అది కాలెట్‌ను ఒక పక్కకే నొక్కుతుంది. ఒక నట్టు మార్చి చూస్తే మొత్తం సెట్ బాగుపడ్డ సందర్భాలున్నాయి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడిదే. కాలెట్‌ను ముందు స్పిండిల్‌లో వేసి పైన నట్టు తిప్పకూడదు. కాలెట్‌ను కాస్త వాల్చి, నట్టు లోపలి రింగులో ‘టక్’మనే దాకా నొక్కాలి. ఆ తర్వాతే నట్టును స్పిండిల్‌కు పట్టించి, కాడ పెట్టి బిగించాలి. ఈఆర్ టేపర్ ఒక్కో వైపు 8 డిగ్రీలు, బిగిసిందంటే తనంతట వదలకపోవచ్చు. నట్టు విప్పేటప్పుడు కాలెట్‌ను బయటికి లాగేది ఆ రింగే.

బిగువు సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఈఆర్32 నట్టుకు సూచించేది సుమారు 136 న్యూటన్ మీటర్లు, చాలా కార్ల చక్రాల నట్లకు వాడేదానికన్నా ఎక్కువ. ఇంటి లేత్ మీద తేలికపాటి కోతలకు అంత అవసరం రాదు. కానీ పొట్టి స్పానర్‌తో అలా తిప్పి వదిలేస్తే ఎండ్‌మిల్ మెలిక ఆ ఎండ్‌మిల్‌నే మెల్లగా కిందికి లాగుతుంది, కోత లోతు మీకు తెలియకుండానే పెరిగిపోతుంది. కాడ కూడా కాలెట్ పొడవులో మూడింట రెండు వంతులైనా లోపల ఉండాలి.

కాలెట్ చక్‌ను మీ లేత్ మీదే చేసుకోవచ్చని తెలుసా? లోహపు దిమ్మను స్పిండిల్‌కు బిగించి, బయట ఎం40×1.5 త్రెడ్ కోసి, కాంపౌండ్ స్లైడ్‌ను 8 డిగ్రీలకు తిప్పి లోపలి టేపర్ అక్కడే కోస్తే, ఆ టేపర్ మీ స్పిండిల్ తిరిగే రేఖ మీదే పుడుతుంది. విప్పి మళ్లీ పెట్టేటప్పుడు అదే చోట కూర్చునేలా ఒక గుర్తు గీసుకోవాలి.

కొత్త సెట్ ఇంటికొచ్చిన రోజే ప్రతి కాలెట్‌ను కడిగి, కొలిచి, వచ్చిన అంకెను పెట్టెలో దాని గూడు పక్కన రాసిపెట్టండి. మూడు జాల చక్ 50 నుంచి 100 మైక్రాన్లు ఊగడం మామూలే కాబట్టి, 15 లోపు వచ్చిన చవక కాలెట్‌ను నిశ్చింతగా ఉంచుకోండి. 30 దాటినదాన్ని, తిరిగిచ్చే గడువు ముగియక ముందే, వెనక్కి పంపండి.