గురి కుదిరిందా? కొలిచి చూడండి!

ఒక అబ్బాయి ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడానికి చేరి నెల రోజులయింది అనుకుందాం. మొదటి వారంలోనే ఒకరోజు పది షాట్లకు 81 మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడు. నెల తిరిగింది. ఆ 81 మాత్రం మళ్ళీ రాలేదు. "మొదట్లోనే బాగా కొట్టాను. ఇప్పుడు వెనకబడ్డాను. ఇక ఇది నా వల్ల కాదు" అని మానేద్దామనుకుంటున్నాడు.

అతడు నిజంగా వెనకబడ్డాడా? మీరే తీర్పు చెప్పాలి. తీర్పు చెప్పేముందు ఈ ఆట సంగతి కొంచెం తెలుసుకుందాం.

లక్ష్యం ఎంతది?

ఈ ఆటలో గురికార్డు 10 మీటర్ల దూరంలో ఉంటుంది. పిస్టల్‌ను ఒక్క చేత్తోనే, ఏ ఆధారమూ లేకుండా చాచి పట్టుకోవాలి. గాలి ఒత్తిడితో బయటికి దూకే పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. కార్డు మీద ఒకదాని చుట్టూ ఒకటిగా పది వలయాలు ఉంటాయి. నడిమి 10 వలయం వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే. అంటే మీ చొక్కా గుండీ అంత! అక్కడినుంచి ఒక్కొక్క వలయానికి వ్యాసం 16 మి.మీ. చొప్పున పెరుగుతుంది. 9 వలయం 27.5, 8 వలయం 43.5, ఇలా చివరి వలయానికి 155.5 మి.మీ. అవుతుంది. పెల్లెట్ అంచు గీతను తాకినా చాలు, పై మార్కే ఇస్తారు. పెద్ద పోటీలలో అర్హత రౌండుకు 60 షాట్లు, 600 మార్కులు.

రెండు కార్డులు

ఇప్పుడు ఇద్దరు విద్యార్థుల కార్డులు చూద్దాం. మొదటివాడి మార్కులు: 10, 5, 8, 7, 9, 4, 10, 6, 8, 7. మొత్తం 74. రెండోవాడివి: 7, 7, 8, 7, 7, 8, 7, 7, 8, 7. మొత్తం 73. వీరిలో ఎవరు మెరుగు?

మొత్తం చూసి మొదటివాడని అనేస్తాం. అతడు రెండు పదులు కూడా కొట్టాడు కదా! కాని కార్డులను చేతిలోకి తీసుకుని చూడండి. మొదటివాడి రంధ్రాలు కార్డంతా చెల్లాచెదరుగా ఉన్నాయి. రెండోవాడివి ఎడమవైపు కిందగా ఒకేచోట గుంపుగా ఉన్నాయి. ఆ గుంపు మీద ఒక పది రూపాయల నాణెం పెడితే అన్నీ కనబడకుండా పోయాయి. పది రూపాయల నాణెం వ్యాసం 27 మి.మీ. మన 9 వలయం 27.5 మి.మీ. అంటే ఆ గుంపును ఉన్నదున్నట్టు మధ్యకు జరపగలిగితే ప్రతి షాటూ 9 గాని 10 గాని అవుతుంది. మొత్తం 90కి తగ్గదు!

జరపడం ఎలా? పిస్టల్ వెనుక సైటుకు చిన్న మరలుంటాయి. గుంపు ఎడమకు పడుతుంటే వెనుక సైటును కుడికి, కిందికి పడుతుంటే పైకి తిప్పితే సరి. అదే మొదటివాడి కార్డుకు ఏ మర తిప్పగలం? అతడి తప్పుకు ఒక దిక్కంటూ లేదు.

మీ భౌతికశాస్త్రంలో ఈ రెండు తప్పులకూ పేర్లున్నాయి. ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగేది క్రమదోషం. దాన్ని ఒక్కసారి సరిదిద్దవచ్చు. ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోయేది యాదృచ్ఛిక దోషం. దాన్ని అభ్యాసంతో మెల్లమెల్లగా తగ్గించుకోవలసిందే. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు మొదట చూడవలసింది గుంపు ఎక్కడ పడిందని కాదు, ఎంత చిన్నదయిందని.

గుంపు ఎందుకు చెదురుతుంది?

"నా చెయ్యి వణుకుతోంది" అంటారు అందరూ. వణుకు అందరికీ ఉంటుంది. అసలు దొంగ వేరే ఉన్నాడు. పిస్టల్ మీద ముందు ఒక సైటు, వెనుక గాడి ఉన్న ఒక సైటు ఉంటాయి. ముందు సైటు ఆ గాడికి సరిగ్గా మధ్యలో కనబడాలి. ఈ రెండింటి మధ్య దూరం 320 మి.మీ. అనుకోండి. పిస్టల్ దిశ మారకుండా చెయ్యి మొత్తం 5 మి.మీ. పక్కకు జరిగితే పెల్లెట్ కూడా 5 మి.మీ. పక్కనే పడుతుంది. నష్టం కొద్దిపాటిదే. కాని ముందు సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు తప్పితే? సరూప త్రిభుజాల లెక్క వేయండి. 10 మీటర్లంటే 10,000 మి.మీ. దాన్ని 320తో భాగిస్తే సుమారు 31. అంటే పెల్లెట్ కేంద్రానికి 31 మి.మీ. దూరంలో పడుతుంది. పదికి రావలసింది ఏడుకు పోతుంది!

మన కన్ను దగ్గరి వస్తువునూ దూరపు వస్తువునూ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే చూపును ముందు సైటు మీదనే నిలపమంటారు శిక్షకులు. గురికార్డు మసకగా కనిపించినా ఫరవాలేదు. ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజకుండా మెత్తగా నొక్కమనేదీ ఇందుకే. గుంజితే చివరి క్షణంలో సైటు పక్కకు తప్పుతుంది.

81 తీర్పు

ఇక మన అబ్బాయి దగ్గరికి వద్దాం. మొదటి వారంలో ఆరు రోజుల మార్కులు: 68, 81, 74, 70, 77, 80. నాలుగో వారంలో: 76, 79, 77, 80, 78, 78. సగటు కట్టండి. మొదటి వారానికి 75. నాలుగో వారానికి 78. ఇప్పుడు గరిష్ఠం నుంచి కనిష్ఠాన్ని తీసివేసి వ్యాప్తి చూడండి. అప్పుడు 13, ఇప్పుడు 4 మాత్రమే. గరిష్ఠం ఒక మార్కు తగ్గిన మాట నిజమే. కాని కనిష్ఠం 68 నుంచి 76కు ఎదిగింది!

చెల్లాచెదరుగా కొట్టేవాడికి ఎప్పుడో ఒకరోజు షాట్లన్నీ కలిసివస్తాయి. ఆ మర్నాడు మళ్ళీ మామూలు మార్కులే రావడం సహజం. అది పతనం కాదు. ఆ 81 ఒక్కరోజు చుట్టంలా వచ్చిపోయింది. ఈ 78 ఇంట్లో మనిషి, రోజూ ఉంటుంది. అబ్బాయి వెనకబడలేదు, ముందుకే నడిచాడు. ఈ చిన్న లెక్క వేసుకోక మానేసి ఉంటే ఎంత నష్టం!

పైకి వెళ్ళేకొద్దీ మెట్లు ఇంకా చిన్నవవుతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచిన మను భాకర్‌కు అర్హత రౌండులో వచ్చినవి 580 మార్కులు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, మధ్యలో పిస్టల్ మొరాయించిన రోజున, ఆమెకు 575 వచ్చాయి. స్థానం 12. ఫైనల్లో చోటు ఎనిమిదిమందికే. 60 షాట్లలో తేడా 5 మార్కులు, అంటే షాటుకు మార్కులో పన్నెండోవంతు!

ఒక నోటు పుస్తకం చాలు

నేర్చుకునేవారు ప్రతిరోజూ మార్కులతోపాటు గుంపు వ్యాసాన్ని కూడా రాసుకోవాలి. పది షాట్ల గుంపును పది షాట్ల గుంపుతోనే పోల్చాలి. ఎందుకంటే షాట్లు ఎక్కువైతే గుంపు సహజంగానే పెరుగుతుంది. మరొక మంచి అలవాటు ఉంది. షాటు కొట్టగానే, కార్డు చూడకముందే, "ఇది కుడివైపు పైకి పోయింది" అని చెప్పాలి. తరువాత చూసుకోవాలి. పదింటిలో చెప్పినట్టు పడినవి ఎన్ని? ఆ సంఖ్య పెరుగుతోందంటే మీ తప్పు మీకు తెలుస్తోందన్నమాట. తెలిసిన తప్పును దిద్దుకోవడం తేలిక.

ఎయిర్ పిస్టల్ ఆటవస్తువు కాదు. శిక్షకుని సమక్షంలో, షూటింగ్ రేంజిలో తప్ప ముట్టుకోరాదు. అయినా ఈ లెక్కను మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిన్న గుడ్డలో ఇసుక పోసి మూట కట్టండి. నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, మూడు గజాల దూరంనుంచి పదిసార్లు విసరండి. పడిన చోటల్లా గుర్తు పెట్టండి. గుంపు వెడల్పెంత? అది ఏ దిక్కుకు జరిగింది? ఆరు రోజులు కొలిచి రాసుకోండి. ఏడోరోజున మీ పురోగతిని మీరే చెప్పగలరు!