డిసెంబరు 24 సాయంత్రానికి వంటిల్లు ఖాళీ

క్రిస్మస్ ఆరాధన జరుగుతున్నప్పుడు చర్చిలో ఒక్కసారి చుట్టూ చూడండి. పిల్లలు కొత్త బట్టల్లో ముందు వరసలో ఉంటారు. తాతగారు ఉంటారు, పొరుగూరి నుంచి వచ్చిన అల్లుడూ ఉంటాడు. ఇంటి ఇల్లాలు మాత్రం రెండో పాట అయ్యాక వస్తుంది. ప్రసంగం సగంలో ఉండగానే పొయ్యి మీద పెట్టొచ్చిన బిర్యానీ గుర్తొచ్చి లేచిపోతుంది. నెల రోజులు అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసిన మనిషికే పండగ దక్కడం లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దీన్ని మార్చడానికి నేను చెప్పేది ఒక్కటే నియమం: డిసెంబరు 24 సాయంత్రం ఆరు దాటాక వంటింట్లో కొత్త పనేదీ మొదలవకూడదు. మిగతా ఏర్పాట్లన్నీ ఆ గంట నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

మనం మామూలుగా ముందునుంచి లెక్కపెడతాం. డిసెంబరు మొదటి తేదీన చూస్తే చేతిలో ఇంకా మూడు వారాలు ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ మూడు వారాల్లో చర్చిలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, పిల్లల నాటిక రిహార్సళ్లు, రాత్రిళ్లు క్యారల్ రౌండ్స్ ఉంటాయి. స్కూలు పరీక్షలు కూడా అప్పుడే వచ్చి పడతాయి. పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేయడం మనుషులందరికీ ఉన్న అలవాటే. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే పరిశోధకులు కెనడా విద్యార్థులను, మీ పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. విద్యార్థులు సగటున 34 రోజులన్నారు. చివరికి పట్టినవి 55 రోజులు. వాళ్లు సోమరులేమీ కారు. అనుకోకుండా వచ్చిపడే పనులు వాళ్ల లెక్కలో లేవు, అంతే. అరిసెలకైనా ఇదే వర్తిస్తుంది. పిండి ఆడించడానికి గంట చాలనుకుంటాం. ఇరవయ్యో తేదీ దాటాక పిండిమర దగ్గర వరస చూస్తే ఆ గంట సంగతి తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ప్రయాణం. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. అంతకుముందు ఆ గడువు 120 రోజులు. ఇప్పటి లెక్కలో డిసెంబరు 23 రైలుకు బుకింగ్ అక్టోబరు 24న మొదలవుతుంది. ఎవరు ఎవరింటికి వెళ్లాలన్న మాట దసరా రోజుల్లోనే తేలిపోవాలి. అత్తగారి ఊరా, అమ్మగారి ఊరా అన్న వాదన డిసెంబరులో మొదలైతే టికెట్టూ దొరకదు, మనశ్శాంతీ ఉండదు. ఇంట్లో ఆ ఏడాది ఎవరైనా చనిపోయి ఉంటే, పండగ ఎలా చేసుకోవాలో కూడా అప్పుడే మాట్లాడుకోవడం మంచిది. చాలా కుటుంబాలు ఆ ఏడు స్టార్ కట్టవు, పిండివంటలు చేయవు. వచ్చేవాళ్లకు ముందే చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

టైలర్ల దగ్గర క్రిస్మస్ బట్టల వెనకే సంక్రాంతి బట్టలు వచ్చిపడతాయి. నవంబరు రెండో వారానికల్లా జాకెట్టు ముక్కలు ఇచ్చేసినవాళ్లు ఇరవై మూడో తేదీ రాత్రి కొట్టు మెట్ల మీద కూర్చోనక్కర్లేదు. డబ్బుకూ ఇదే పద్ధతి. బట్టలు, పచారీ, ప్రయాణం, చర్చిలో ఇచ్చే కృతజ్ఞతార్పణ, పనిమనిషికిచ్చే చీర, పిల్లల కానుకలు అని విడివిడిగా రాసి, సెప్టెంబరు నుంచి నెలకింత పక్కన పెడితే జనవరిలో అప్పు మిగలదు. పండగ సంతోషాన్ని అప్పు తినేసినంతగా మరేదీ తినదని నా నమ్మకం.

ఇక పిండివంటలు. ఏది ఎప్పుడు చేయాలన్నది ఆ వంటలో ఎంత తడి మిగులుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. జంతికలు, చెక్కలు, చెగోడీలు వేగేటప్పుడు వాటిలోని నీరు దాదాపు అంతా ఆవిరైపోతుంది. బూజు పట్టడానికి కావలసిన తడి అక్కడ ఉండదు. వాటిని పాడుచేసేది గాలి. గాలిలోని తేమ పీల్చుకుని అవి మెత్తబడతాయి, నూనె పాత వాసన వేస్తుంది. అందుకే వాడిన నూనె కాకుండా కొత్త నూనెలో వేయించి, పూర్తిగా చల్లారనిచ్చి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. వేడి మీదే మూత పెడితే ఆ ఆవిరి నీరై మళ్లీ వాటి మీదే పడుతుంది. ఈ జాగ్రత్త తీసుకుంటే రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటాయి కాబట్టి డిసెంబరు రెండో వారాంతంలోనే చేసేయవచ్చు.

అరిసెల సంగతి వేరు. వాటిలో తడి ఉంటుంది, అయినా నిలవ ఉంటాయి. బెల్లం పాకం ఆ తడిని తనలోనే పట్టి ఉంచుతుంది, బూజుకు అందనివ్వదు. ఊరగాయలో ఉప్పు చేసే పని ఇక్కడ బెల్లం చేస్తుంది. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పంటికి లొంగదు. బియ్యం ఒక రోజంతా నానాలి, పిండి తడి ఆరకుండా ఆడించి జల్లించాలి. పాకంలో పిండి పోస్తుంటే ఒకరు ఆపకుండా కలపాలి. ఆ తర్వాత ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఒకరు నూనె నొక్కాలి. ముగ్గురు లేనిదే అరిసెలకు కూర్చోవద్దని నా సలహా. మూడో వారంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అక్కాచెల్లెళ్లో ఇరుగుపొరుగో కలిసి రెండిళ్లకూ ఒకేసారి చేసుకుంటే, పండగలో సగం ఆనందం అక్కడే వస్తుంది. మగపిల్లల్ని కూడా పీటల దగ్గర కూర్చోబెట్టండి. నూనె నొక్కడం ఎవరికైనా వస్తుంది.

కజ్జికాయల్లో పచ్చికొబ్బరి పెడితే రెండు మూడు రోజులే. ఎండుకొబ్బరి, పుట్నాల పొడి, పంచదారతో చేస్తే వారం దాటినా ఏమీ కాదు. బొబ్బట్లు ముందుగా చేసుకునేవి కావు. ఇరవై నాలుగు ఉదయం తీరిక ఉంటే చేయండి, లేకపోతే ఈసారికి మానేయండి. అన్నీ చేయాలన్న పట్టుదల మీదనే మన ఇళ్లలో ఎక్కువ అలసట పోగవుతుంది. ఇంటిల్లిపాదీ నిజంగా ఇష్టపడి తినేవి మూడు రకాలు ఎంచుకుంటే చాలు.

పండ్ల కేకుకు తొందర పనికిరాదు. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు పొడిగా వేస్తే అవి కేకులోని తడిని లాగేసుకుంటాయి, కేకు పొడిపొడిగా రాలుతుంది. ముందే నానబెడితే అవి తడి లాక్కోవు. రమ్ములో వేసినవి నెలల తరబడి నిలవుంటాయి. మద్యం వాడని ఇళ్లలో ద్రాక్ష రసంలోనో నారింజ రసంలోనో వేసి, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగైదు రోజుల్లో వాడేయాలి. కాల్చిన రోజుకన్నా రెండు రోజులు ఆగాక కేకు రుచి పెరుగుతుంది. పండ్లలోని తడి, మసాలా వాసన మెల్లగా అంతటా పాకుతాయి. అందువల్ల ఇరవై ఒకటి, ఇరవై రెండు తేదీలు కేకుకు సరైనవి.

క్యారల్ రౌండ్స్‌కు యువకులు ఏ గంటకు వస్తారో చెప్పడం కష్టం. తొమ్మిదన్న బృందం అర్ధరాత్రి దాటాక డప్పుతో, గిటారుతో గుమ్మంలో ప్రత్యక్షమవుతుంది. వాళ్ల కోసం ప్రతి ఏటా రాత్రంతా వేడివేడిగా ఏదో ఒకటి సిద్ధంగా ఉంచాలనుకోవడం అనవసరం. ఫ్లాస్కులో టీ, డబ్బాలో చెక్కలు, కోసి ఉంచిన కేకు, కవరులో పెట్టిన కానుక చాలు. అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లు నిద్రపోవచ్చు.

ఇరవై ఐదు మధ్యాహ్నం భోజనానికి సగం పని ఇరవై నాలుగునే అయిపోవాలి. ఉల్లిపాయలు నాలుగు రోజుల ముందే వేయించి డబ్బాలో పెట్టుకోవచ్చు. అల్లంవెల్లుల్లి ముద్దలో కాస్త ఉప్పు, నూనె కలిపితే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మాంసం ఇరవై నాలుగు మధ్యాహ్నమే తెచ్చి, పెరుగు, మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. క్రిస్మస్ తెల్లవారుజామున మాంసం కొట్టు దగ్గర నిలబడే పని ఉండదు. పచ్చి బొప్పాయి ముద్ద మాత్రం రాత్రంతా ఉంచకూడదు, మాంసం పీచుపీచుగా విడిపోతుంది. దాన్ని పొద్దున వండే ముందు కలిపితే సరిపోతుంది. కిలో బియ్యానికి కిలో మాంసం చొప్పున ఏడెనిమిది మందికి వస్తుంది. ఇరవై మంది దాటితే వంటవాళ్లకు అప్పగించడమో, ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వంటకం తేవడమో మంచిది. అందులో నామోషీ ఏమీ లేదు.

మెదక్ కెథడ్రల్‌కు వెళ్లే కుటుంబాలకు ఈ లెక్క సరిపోదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కెథడ్రల్‌లో ప్రార్థనలు తెల్లవారుజామునే మొదలవుతాయి, జనం వేల సంఖ్యలో వస్తారు. ఆ ఇళ్లవాళ్లు పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లి, విందును 26కు మార్చుకోవడమే తేలిక. తెలంగాణలో ఆ రోజు కూడా సెలవే.

ఇన్ని పనులూ గుర్తుంచుకోవడమే ఒక బరువు. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, పూర్తికాని పనులు వేరే పని చేస్తున్నప్పుడు కూడా మనసులో దూరి చికాకు పెడతాయని, ఎప్పుడు ఎలా చేస్తామో కచ్చితంగా నిర్ణయించుకుంటే పని పూర్తికాకముందే ఆ చికాకు తగ్గుతుందని గమనించారు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి పని పక్కన తేదీతో పాటు చేసే మనిషి పేరు కూడా రాయండి. సీరియల్ లైట్లు దించి తీగ ఎక్కడైనా తెగిందేమో చూడటం పెద్దబ్బాయి వంతు, గ్యాస్ బండ బుక్ చేయడం నాన్న వంతు, ఇరుగుపొరుగుకు పంచే పళ్లేలు సర్దడం చిన్నపిల్ల వంతు. అన్ని పనుల పక్కనా ఒకే పేరు కనిపిస్తే ఆ జాబితా ఇంకా తయారుకానట్టే.

ఇరవై ఆరున మరో పది నిమిషాలు అదే పుస్తకం ముందు కూర్చోండి. జంతికలు ఎన్ని మిగిలాయి, బియ్యం ఎంత ఎక్కువైంది, ఎవరికి పళ్లెం పంపడం మరిచిపోయాం, టైలరు ఏ రోజు బట్టలిచ్చాడు, ఇవన్నీ ఆ రోజైతేనే సరిగ్గా గుర్తుంటాయి. జనవరిలో స్టార్ దించి, లైట్ల తీగ అట్టముక్కకు చుట్టి పెట్టెలో పెట్టేటప్పుడు ఈ పుస్తకాన్నీ అందులోనే పెడితే, వచ్చే అక్టోబరులో వెతుక్కోనక్కర్లేదు.